మా మగ్గం గుంతను చెరువుల జాబితా నుండి తొలగించుట గురించి

మహారాజశ్రీ పురపాలక సంఘ పట్టణ ప్రణాళికాధికారి గారి సముఖమునకు,

17వ వార్డు, నేతగాళ్ళ వీధి, ఇంటి నెంబరు 17-243 కాపురస్తుడు, పట్టుచీరలు నేసే రామాంజులు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఆన్‌లైన్ పటములో మా ఇంటి నడిమి గది నీటి వనరుగా నమోదైనందున, అది ఇల్లేనని ఒప్పుకొని, పైకప్పు వేసుకొనుటకు అనుమతి ఇప్పించు విషయమై.

1. మాది మా తాత కట్టిన మట్టిమిద్దె. నడిమి గదిలో మగ్గం గుంత కలదు. తమరు మగ్గం ఎక్కి ఉండరు గనుక వివరించుచున్నాను. నేతగాడు గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి పలకలు తొక్కుతూ నేస్తాడు. గుంత లోతు రెండున్నర అడుగులు. అందులో నా మోకాళ్ళు తప్ప వేరే జలచరములు ఏనాడూ లేవు.

2. దూలాలు పుచ్చినందున గత అక్టోబరులో స్లాబు వేసుకొనుటకై మిద్దె విప్పితిమి. విప్పిన మూడవ దినమున పెద్ద వాన కురిసినది. మా గడప ఎత్తు. నీళ్ళు బయటికి పోక గది నిండినది. మరుసటి ఉదయం, పట్టణమంతా కంప్యూటరులోకి ఎక్కించుటకు తమ కార్యాలయం వారు పంపిన డ్రోను మా వీధి మీదుగా పోయినది. ఆ సమయమున నేనూ, నా భార్య జ్యోతిలక్ష్మీ బిందెలతో నీళ్ళు ఎత్తిపోయుచుంటిమి. ఫోటో తీస్తున్నారు గదా అని నిలబడి చెయ్యి కూడా ఊపితిమి. ఆ ఫోటోను బట్టి మా గది "ప్రజలు వినియోగించుచున్న నీటి వనరు"గా నమోదైనది. ఆ ప్రజలము మేమిద్దరమే.

3. స్లాబు అనుమతికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకొనగా నాలుగు నిమిషాలలో తిరస్కరించబడినది. మునుపు ఇదే పనికి నాలుగు నెలలు పట్టేది. వేగము విషయములో నాకు ఫిర్యాదు లేదు.

4. మా వార్డు ప్లానింగ్ సెక్రటరీ సునంద గారు స్వయముగా వచ్చి, గుంతలోకి దిగి నిలబడి చూసినారు. ఆమె మంచిది. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయుచున్నాను.

"నా కండ్లతో చూస్తాండానన్నా, ఇది ఇల్లే. కానీ నా ట్యాబులో నీలంగా ఉండాది. ఇల్లు అని కొడితే తీసుకోదు."

"గుంత పూడ్చేద్దామా అమ్మా?" అన్నాను.

"పూడిస్తే చెరువు పూడ్చినారని మీ మీద కేసు అయితాది."

5. చెరువు చుట్టూ తొమ్మిది మీటర్ల మేర ఎవరూ కట్టడము చేయరాదట. పక్కింటి తిప్పేష్ మేడ మీద ఒక గది వేసుకొనుటకు దరఖాస్తు పెట్టగా అదియు పోయినది. "ఏమప్పా, నీ చెరువు నా వంటింట్లోకి వచ్చినాదంటనే" అని అడిగినాడు. ఇప్పుడు అది కూడా అడగడు, మాటలు లేవు. నీళ్ళ ట్యాంకరు ఏ వీధికి పోవలెనో కూడా ఆ పటమే చెప్పుచున్నదట. మా వీధిలో నీటి వనరు ఉన్నందున ట్యాంకరు రావడం మానుకొన్నది. ఎదురింటి యశోదమ్మ ఖాళీ బిందె తెచ్చి మా గడప ముందర పెట్టి, "పొయ్యి నాయనా, నీ చెరువులో నీళ్ళు" అన్నది. ఆమె ఎగతాళికి అనలేదు, కడుపు మండి అన్నది. ఆ బిందె రెండు రోజులు అక్కడే ఉంది.

6. తప్పు దిద్దవలెనంటే డ్రోను మరల రావలెను. అది చూచునప్పుడు స్థలము ఆకాశమునకు తెరచి ఉండవలెను, మేము కట్టుకొన్న టార్పాలిన్ కూడా ఉండరాదు. రెండవసారి కూడా నీళ్ళు కనబడితే శాశ్వత నీటి వనరుగా ఖాయపరచి ఫైలు మూసివేయుదురు. అనగా కప్పు వేయుటకు పటము మారవలెను. పటము మారుటకు కప్పు ఉండరాదు. ఈ రెండింటి నడుమ తొమ్మిది నెలలుగా నేనూ నా భార్యా వంటింట్లో కాపురమున్నాము.

7. మగ్గం విప్పి వంటింటి గోడకు చేరవేసినాము. పొయ్యి సెగకు కొయ్య వంకర తిరుగుతున్నది. శ్రావణం లోపల మగ్గం పడకపోతే మా డిజైను ఇంకొకరికి ఇస్తానని చీరలు నేయించే యజమాని చెప్పినాడు. ఇస్తే ఇక తిరిగి రాదు. జ్యోతిలక్ష్మి పరుల మగ్గానికి కూలికి పోతున్నది. నేను పదమూడో ఏట మగ్గమెక్కినాను, వేరే పని చేతకాదు. అన్నం తింటూ కూడా కాళ్ళతో నేల తొక్కుతున్నానని ఆమె చెబితే తెలిసింది. నాకు భయంగా ఉందయ్యా.

నేను కంప్యూటరుకు వ్యతిరేకిని కాను. ఫోనులో చూసి అంచు డిజైన్లు వేసినవాడిని. పై నుండి చూసేదానికి కింద నిలబడి చూసిన మనిషి మాట కూడా ఎక్కేటట్లు ఒక్క ఏర్పాటు చేయించమని మాత్రమే నా ప్రార్థన.

కాబట్టి తమరు స్వయముగా మా గుంత దగ్గరకు దయచేసి ఈ సంగతులన్నియు చిత్తగించవలెను. చెప్పులు తడవవు.

తమ విధేయుడు, పైకప్పు లేనివాడు,
రామాంజులు

తా.క.: సంతకం పెట్టేసరికి ఫోనుకు మెసేజి వచ్చింది. రేపు ఉదయం పది గంటలకు డ్రోను వస్తుందట, ఈ సాయంత్రానికే కప్పు తీసి ఉంచవలెనట. టార్పాలిన్ విప్పడానికి మా బావమరిది కేశవ పల్లె నుంచి వచ్చినాడు. ఐదెకరాల్లో చెనిక్కాయ విత్తి ఇరవై రోజులైంది. ఆ తర్వాత చినుకు లేదు, మొలక మాడిపోతున్నది. విప్పడం అయినాక నిచ్చెన మీదనే నిలబడి పడమటి దిక్కు చూసినాడు.

"బావా, మబ్బు బాగా పట్టుండాది. ఈ పొద్దు పడ్తాది. నువ్వూ మొక్కుకో" అన్నాడు.

వాడు చేతులు జోడించినాడు. పక్కన నేనూ జోడించినాను. వాడు సంతోషపడి నా భుజం తట్టినాడు. నేను వాన రావద్దని మొక్కుకున్నానయ్యా. ఈ ముక్క మా కేశవకు తెలియనివ్వవద్దు.