రెండింటికి వస్తానన్న డాడీ

శనివారం, పడుకునే ముందు

రౌస్ హిల్‌లో వేరే ఉంటున్న డాడీ, రెండింటికి వచ్చి నాతో డ్రైవింగ్ చేయిస్తానని ఐదున్నరకు వచ్చాడు. అప్పటిదాకా చెల్లి బూట్లు వేసుకుని గుమ్మం ముందే కూర్చుంది. లోపలికి రమ్మంటే, "హీ సెడ్ టూ, అక్కా" అంది. ఆయన మాటను ఇంకా నమ్ముతున్నది అదొక్కతే. ఎందుకో దాని మీదే కోపం వచ్చింది నాకు.

డాడీ వస్తూనే డోనట్ల డబ్బా నా చేతిలో పెట్టి లాగ్‌బుక్ అడిగాడు. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నడిపిన గంటలు అందులో నిండితేనే నాకు లైసెన్స్ టెస్ట్.

"మూడు గంటలు నడిపినవని రాస్కో బిడ్డా, సంతకం నేను పెడ్త."

మూడు గంటలు ఊరికే వస్తాయంటే నాకూ ఒక్క క్షణం ఆశ పుట్టింది. కానీ చెల్లి చూస్తోంది.

"నడపని గంటలు నాకెందుకు డాడీ? ఎక్కు, పోదాం."

టూంగాబీ రైలు స్టేషన్ దాకా వెళ్లొచ్చాం. ఇరవై నిమిషాలు పట్టింది, ఇరవై నిమిషాలే రాశాను. సంతకం పెడుతున్నప్పుడు ఆయన తలెత్తలేదు. పాపం అనిపించింది, అయినా ఆ ఇరవైని దిద్దలేదు.

ఇంకా చాలా గంటలు కావాలి. అమ్మకు డ్యూటీ లేని రోజు అమ్మతో, ఉన్న రోజు పక్కింటి ఆంటీని బతిమాలైనా సరే, పూర్తి చేస్తాను.

ఇందాక చెల్లి దుప్పట్లోంచి అడిగింది, నాకు లైసెన్స్ వస్తే డాడీ ఇక రాడా అని.

"మనమే రౌస్ హిల్ పోయి, రెండు కొట్టంగనే డాడీ తలుపు కొడదాం" అన్నాను. "అమ్మ కారు తాళం నా చేతిల చూసినంకనే నువ్వు బూట్లేసుకో."