పడమటి గోడ

కోకాపేట

మావారికి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అత్తమ్మ, పింకీ, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. మస్కట్‌లో మీరూ బాగుండాలని రోజూ దండం పెట్టుకుంటున్నాను. మీ ఉత్తరం, ఖర్జూరాలు మీ దోస్తు సైమన్ అన్న తెచ్చిచ్చాడు. ఆదివారం ఆయన తిరిగి అక్కడికే వస్తున్నాడు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తాను. ఫోనులో చెప్పవచ్చు కదా అంటారు. అత్తమ్మ స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటుంది, నాకేమో నోరు పెగలదు.

మీరు అడిగినవాటికి జవాబు. పింకీకి చెమటకాయలు తగ్గాయి. అత్తమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, దవాఖానకు పోదామంటే రేపు అంటుంది. కొత్త ఇంటికి స్లాబు పడింది, గోడలు లేస్తున్నాయి. ముందుగదికి గోడ బదులు పెట్టేది నీలం అద్దాలా, ఆకుపచ్చవా అన్నారు. అది చివర రాస్తాను.

ఇప్పుడుంటున్న మన రేకుల గది వెనుక టవరుకు అద్దాలు బిగించింది మీరే. ఈ ఎండాకాలం మధ్యాహ్నం దాటితే ముందు నుంచి పడమటి ఎండ, వెనుక నుంచి ఆ అద్దాల మీద పడి తిరిగొచ్చే ఎండ. కూలర్ పెట్టినా పింకీ ఏడుస్తూనే ఉండేది.

నిజాంపేటలో కడుతున్న ఒక ఇంటికి పక్కింటి కిష్టమ్మ అక్క కూలికి పోతుంది, ఒకరోజు నన్నూ తీసుకెళ్లింది. అక్కడి ఇంజనీరు మేడం పడమటి వైపు రెండు వరుసల ఇటుక పేర్పించి, నడుమ బెత్తెడు సందు వదిలించింది. పైన గాలికీ వెలుతురుకీ జాలీ ఇటుకలు. స్లాబు మీద తెల్ల పెంకులు. మిట్టమధ్యాహ్నం, ఫ్యాను కూడా లేని ఆ గదిలో నాకు నిద్ర వచ్చింది. ఇంత చల్లగా ఎట్లా ఉందని, నాకు సిగ్గని కిష్టమ్మ అక్కే అడిగింది. ఎండను లోపలికి రానిచ్చి కరెంటుతో తరమడం కంటే బయటే ఆపడం మేలని మేడం చెప్పిందట.

ఇక దాచిన మాట. మన ముందుగదీ పడమటి వైపే కదా, దానికి అద్దాలు రావు. అలాంటి గోడే లేచింది. మేస్త్రీ బాలనర్సయ్య మామ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఓంకార్ అద్దాలు పెడ్తనని ఊరంత చెప్పుకున్నడు. నువ్వేంది బిడ్డా, గోడ అంటవు?"

నేను తలొంచుకుని, "ఆయననే చెప్పిండు మామా" అన్నాను.

నా మాటంటే ఎవరు వింటారనిపించింది. ఇప్పుడు అత్తమ్మ తన కొడుకు తెలివిని వాడంతా చెబుతోంది. మేస్త్రీ మామ ఇంకో ఇంటికీ ఇలాగే కడతాడట. వచ్చే శుక్రవారం మీకు సెలవని, సందు ఎంత వదలాలో మిమ్మల్నే ఫోనులో అడుగుతానంటున్నాడు. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

టవరు చూపించి "అది మీ నాయిన బిగించిందే" అని పింకీకి చెప్పినప్పుడు మీ ముఖం ఎలా వెలిగిందో నాకు గుర్తుంది. మీ ముచ్చట కాదన్నానని కోపమొస్తే తిట్టండి, పడతాను. గోడ మాత్రం పగలగొట్టించకండి. అక్కడ నీడలో పింకీ ఇసుకతో ఆడుకుంటోంది, ఏడవడం లేదు.

ఫోను వస్తే మీరే చెప్పినట్టు ఒప్పుకోండి అని ముందు రాశాను. రాసి కొట్టేశాను. సందు బెత్తెడు అని చెప్పండి. ఆ ఆలోచన నా భార్యదని కూడా చెప్పండి, మీకు చిన్నతనం కాకపోతేనే.

ఇట్లు
మీ భార్య
జ్యోత్స్న