రెండో గేరు దగ్గర కాలు తియ్యి

అన్నయ్యా,

షెడ్డు నుంచి ఇప్పటికి మూడు ఫోన్లొచ్చాయి, వెళ్తున్నాను. పదింటికి అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు. నాన్న కారైతేనే ఎక్కుతానంటోంది.

గేర్ల ఆయిల్ జోలికి మాత్రం వెళ్ళకు. నిన్న ఇంజను ఆపేసి ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూసి, ఎక్కువుందని లీటరు తీసేశావు. ఈ పాత ఆటోమేటిక్ బండికి ఇంజను నడుస్తుండగానే చూడాలని ఎన్నిసార్లు చెప్పాను? ఇంట్లో మెకానిక్కుని నేనా, నువ్వా? పొద్దున్నే లేచి మళ్ళీ పోశాను.

అయినా రెండో గేరు ఒక పట్టాన పడదు, ఇంజను గోలపెడుతుంది. కంగారుపడి ఇంకా తొక్కకు. యాక్సిలరేటర్ మీంచి ఒక్క క్షణం కాలు తియ్యి, అదే పడుతుంది. నాన్న నడిపేటప్పుడు అమ్మ ఆ చప్పుడు విని, పక్క సీట్లోంచి సరిగ్గా అప్పుడే "ఊఁ" అనేది. ఆయన కాలు తీసేవారు.

డాక్టరు చీటీ ఫ్రిజ్ మీద ఉంది. మర్చిపోకు.

ఇంకోటి. నాన్న పోయాక ఈ ఏడాదిగా ఆ కారు నేనే నడుపుతున్నాను. అమ్మ నాకు ఒక్కసారి కూడా "ఊఁ" అనలేదు. నీకు అంటే నాతో చెప్పకు.

లేదులే, చెప్పు.