అక్క పత్తి ఒడి

డిసెంబరు 2002, గురువారం రాత్రి

నాలా చూపు పోతున్నవాళ్లు ఇల్లు కదిలి ఎందుకు నడవడం లేదో అడిగి రాసుకోవడానికి ఇవాళ గుంటూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. "మీకు అడ్డమేంటండీ? రోడ్డు బాగాలేదా, పడతానని భయమా, తోడెవరూ లేరా?" అంది. నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "దానికి నడవాల్సిన పనేముందమ్మా? అన్నీ చేతికందిస్తన్నాం గదా!"

ఒళ్లు మండింది. అయినా అక్క మీద కోపం నిలవదు. నా కంచం కూడా తనే కడుగుతుంది.

మిరపకోతకి నేను పనికిరాను, నిజమే. పచ్చికాయేదో పండుకాయేదో తెలియదు. పత్తికేం? విచ్చిన కాయ వేళ్లకే తెలుస్తుంది. చూపు తగ్గిన మొదట్లో, సాలు పట్టుకుని చేను ఆ చివరిదాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లేదాన్ని. పక్క సాళ్లలో ఆడవాళ్ల మాటలు నాతోపాటే నడిచేవి.

సాయంత్రం అడిగేశాను. "అక్కా, రేపు పత్తికి నన్నూ తీసుకెళ్లవే."

"ఊరుకోవే. గుడ్డిపిల్లతో పని చేయిస్తందని చూసినోళ్లు నన్నంటారు."

అడ్డమేంటో ఇప్పుడు చెప్పగలను. ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

అక్క నిద్రపోయాక, తను పత్తి తీసి వేసుకునే ఒడిగుడ్డని దండెం మీద తడిమి తీసుకుని నడుముకి కట్టుకున్నాను. లావు పెన్నుతో ఈ పెద్ద పెద్ద అక్షరాలు రాస్తున్నప్పుడు కూడా అది నడుముకే ఉంది. విప్పబుద్ధి కావడం లేదు.