చక్రవర్తి బుగ్గ మీద గాటు

అక్కా,

ముందు కూర్చుని, తర్వాత చదువు.

పైపుల కోసం తవ్వుతుంటే దొరికిన రోమన్ వెండి నాణేల కుండ మా మ్యూజియంకి వచ్చిందని చెప్పాను కదా. బయటికి తీసిన ప్రతి నాణెం మీదా చక్రవర్తి బొమ్మ బుగ్గకి ఒక గాటుంది. తవ్వినప్పుడు పార తగిలిందంటాడు మా పక్కగది పొడుగాయన. కాదు, పాతిపెట్టకముందే ఎవరో కావాలని పెట్టిన గాటంటాను నేను. రోజూ ఇదే పోట్లాట.

నిన్న కుండ అడుగున అతుక్కుపోయిన నాణేల ముద్దని విడదీశాను. పార తగిలే వీలే లేని లోపలి నాణేలకి కూడా అదే గాటు! నా కేకకి ఆయన పరుగెత్తుకొచ్చాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఓడిపోయానండీ," అన్నాడు, ముఖం వెలిగిపోతుండగా. అంత సంబరంగా ఓడిపోయిన మనిషిని నేనెక్కడా చూడలేదే. భూతద్దం పక్కన పెట్టి, "మరి రేపట్నుంచి మీ గదికి ఏ వంకతో రాను?" అన్నాడు.

"పెళ్లి చేసుకుంటే వంకలక్కర్లేదు," అనేశాను.

పాపం, కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండానే కూర్చోబోయాడు. నేలమీదనుంచే "సరే" అన్నాడు.

నాన్నకి నువ్వే చెప్పాలి. ముందు అడిగింది నేనని మాత్రం చెప్పకు. ఊహూఁ, చెప్పు. అదే మొదట చెప్పు.

నవ్వాపుకోలేకపోతున్న
నీ చెల్లి