నేల తెలియని కాళ్లు

మంగళవారం, కల్లూరు

ఈ రోజు మొదటిసారి పలుచటి అడుగున్న షూ వేసుకుని కాలువ గట్టు మీద రెండు కిలోమీటర్లు పరుగెత్తాను. మొదట్లో ప్రతి రాయీ గుచ్చుకుంటుందని అమ్మినతను హెచ్చరించాడు. నాకేమీ గుచ్చుకోలేదు. నా కాళ్లు గట్టివని సంతోషపడ్డాను.

గట్టు దిగుతుంటే మేకలు కాసే ముసలాయన ఆపాడు.

"ఏమప్పా, మడమంతా నెత్తురు కారుతాండాది, సూసుకోలేదా?"

షూ విప్పాను. తుమ్మముల్లు అడుగును చీల్చుకుని లోపలికి దిగింది. ఆయన మొలతాడుకు కట్టుకున్న చిమటాతో దాన్ని లాగేశాడు.

"నొప్పి లేదా? నీది కాలా, కట్టె మొద్దా?"

"లేదు తాతా."

ఆయన నవ్వడం మానేశాడు. "మా అన్న గూడా ఇట్లే అంటాండె. చక్కెర జబ్బని పాదం తీసేసిరి."

విలేకరిగా ఇరవై ఏళ్లలో ఎవరి మాటనూ సరిచూడకుండా వార్త రాయలేదు. కాళ్లు మొద్దుబారుతున్నాయా అని షుగర్ డాక్టరు అడిగిన ప్రతిసారీ మాత్రం, చూసుకోకుండానే లేదన్నాను.

ఇందాక కళ్లు మూసుకుని పడుకుని, అరికాళ్లను పెన్ను మొనతో గుచ్చి చూడమని నా భార్య సుజాతకు చెప్పాను. ఎంతసేపటికీ ఏమీ తెలియలేదు. ఎప్పుడు మొదలుపెడతావని అడిగాను.

రెండు కాళ్లూ అయిపోయాయంది.