గింజలు పోసే చెయ్యి

మార్చి 3, మంగళవారం

కాలికి కట్టు. ఆరు వారాలు కదలొద్దన్నారు. ల్యాబ్‌లో ఇరవయ్యారేళ్లుగా జనం చేతుల్లో నరాలు వెతికి రక్తం తీస్తున్నదాన్ని, నా కాలి కింద మెట్టు కనబడక పడ్డాను. మా ఆయన ల్యాప్‌టాప్‌లో పక్షుల కెమెరా పెట్టి పనికి వెళ్లిపోయాడు. ఎవరిదో పెరడు, గింజల పళ్లెం, పగలంతా లైవ్. ఏదో పక్షుల సంఘంవాళ్లు నడుపుతున్నారు. సభ్యులుగా చేరితే పక్కన చాట్‌లో రాయొచ్చు. వచ్చిన పిట్ట పేరు మనం రాస్తే, ‘గద్ద’ అనే పేరుతో ఉన్న అడ్మిన్ తప్పొప్పులు చెబుతాడు.

మార్చి 5

నేను ఆడ పిచ్చుక అని రాస్తే గద్దగారు పిల్ల పిచ్చుక అన్నారు. ఎందుకని అడిగితే ఇంకో పిట్ట సంగతికి వెళ్లిపోయారు. ఒళ్లు మండింది.

మార్చి 9, సోమవారం

రోజూ ఏడింటికి ఒక చెయ్యి వస్తుంది. ఎడమ చేత్తో పళ్లెం పట్టుకుని, కుడి చేత్తో మగ్గులోంచి గింజలు పోసి వెళ్లిపోతుంది. మనిషి కనబడదు. పెద్దావిడ చెయ్యి. పిట్టల సంగతి నాకు అంతంతమాత్రమే, చేతుల సంగతి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. ఎడమ చేతి ఉంగరం వేలికి పట్టేసి ఉంది.

మార్చి 12

ఉంగరానికి రెండు వైపులా వేలు పొంగింది. గోళ్లు నీలంగా ఉన్నాయి. వెలుతురు తేడానేమో అనుకున్నాను. పక్కనే పళ్లెం తెల్లగానే ఉంది. ఆవిణ్ని ఎవరైనా వెంటనే డాక్టరుకి చూపించండి, గుండె సంగతేమో అని చాట్‌లో రాశాను. గద్దగారు తీసేశారు. ఇక్కడ పక్షుల గురించే రాయాలట.

మార్చి 14

చెయ్యి రాలేదు.

మార్చి 15, ఆదివారం

ఇవాళా రాలేదు. పళ్లెంలో పొట్టు తప్ప ఏమీ లేదు. చాట్‌లో రెండొందల మంది, గోరింకలు రావడం లేదని ఒకటే గోల. ఎండలని ఒకావిడ, పిల్లి తిరుగుతోందని ఒకాయన. గింజలు పోసే మనిషి ఏమైందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పిచ్చుక గొంతు కింద మచ్చ ఎంతుందో చెప్పే కళ్లకి రెండు రోజులుగా చెయ్యి లేదన్న సంగతి ఆనలేదు.

కెమెరా కింద నంబరుంటే సంఘానికి ఫోన్ చేశాను. కార్యదర్శి ఎత్తాడు. అడ్రసు ఇవ్వకూడదట. సరే, మీరే వెళ్లి చూడండి అన్నాను. ఆవిడ ఒక్కతే ఉంటుందట, ఊరెళ్లి ఉండొచ్చట. ఫోన్ చేశారా అంటే, చెయ్యలేదట.

“చూడండమ్మా, మాది పక్షుల సంఘం” అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అదీ కట్టున్న కాలు.

అదే రోజు, ఒంటిగంట

నీకెందుకొచ్చిన గొడవ, పోలీసులకి చెప్పి ఊరుకో అన్నాడు మా ఆయన. చెప్పాను. వాళ్లూ అడ్రసే అడిగారు.

అప్పుడు సంఘం నిబంధనలన్నీ కూర్చుని చదివాను. పన్నెండోది: పళ్లెం దగ్గర జబ్బు పిట్ట కనబడితే, మిగతావాటికి అంటుకోకుండా, గంటలోగా వాలంటీరు వెళ్లి పళ్లెం దించి కడగాలి. ఇంటివాళ్లని కలిసి జాగ్రత్తలు చెప్పాలి.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికించి చాట్‌లో పెట్టాను. మగ పిచ్చుక. కళ్లు వాచి పుసికట్టాయి. ఒళ్లంతా ఉబ్బించుకుని పళ్లెం అంచున కూర్చుంది. టైము 11.52.

పన్నెండూ ఇరవైకల్లా కెమెరాలో వాలంటీరు తల కనబడింది. పళ్లెం దించాడు. ఇంటి వైపు వెళ్లాడు. కాసేపటికి పరిగెత్తుకుంటూ పెరట్లోకి వచ్చి ఫోన్ తీశాడు.

మార్చి 16

గద్దగారి ప్రకటన వచ్చింది. పళ్లెం ఎలా కడిగారో ఐదు లైన్లు. ఇంటావిడ వంటగదిలో పడి ఉంటే ఆస్పత్రికి చేర్చారని ఒక లైను. తరవాత నా సంగతి. రికార్డింగు వెనక్కి తిప్పి చూశారట, 11.52కి పళ్లెం మీద ఏ పిట్టా లేదట. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు నా సభ్యత్వం శాశ్వతంగా రద్దు.

రెండు రోజులుగా లేని చేతి కోసం ఎవరూ ఏదీ తిప్పి చూడలేదు. లేని పిట్ట కోసం పూటంతా వెతికారు!

మా ఆయనకి నవ్వీ నవ్వీ పొలమారింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ బతికుందో లేదో ఎవరూ రాయలేదు, అడగడానికి నాకు వీల్లేదు.

మార్చి 22

కొత్త చెయ్యి గింజలు పోస్తోంది. వాలంటీరుది. గోళ్లు కొరుక్కుంటాడు.

సాయంత్రం సభ్యుల జాబితాలో నా నంబరు చూసి అతనే ఫోన్ చేశాడు. ఆవిడ కోలుకుంటోందట. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నారట. పిట్టని నిజంగా చూశారా అని అడిగాడు. లేదన్నాను. మరెలా తెలిసిందన్నాడు. గోళ్లు చూసి అన్నాను. ఆవిడతో చెబుతానన్నాడు.

ఏప్రిల్ 6, సోమవారం, 7.04

రాయడానికి లేదు గానీ, చూడ్డానికి నిషేధం లేదు.

పిచ్చుకలు పదకొండు. గోరింక ఒకటి. చెయ్యి ఒకటి, ఎడమది. ఉంగరం లేదు, దాని చోట పాలిపోయిన గీత. గింజలు పోశాక వెళ్లలేదు. గోళ్లు కెమెరా వైపు తిప్పి, చూసుకో అన్నట్టు అలాగే ఉంచింది. చెయ్యి అడ్డొస్తోందని చాట్‌లో ఎవరో విసుక్కున్నారు.

గులాబి రంగు.